వైద్యుడే రోగి అయినప్పుడు: ధ్రువప్రాంత వైద్యరచనలు, దీర్ఘకాల రోదసీయానం – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

1961 ఏప్రిల్ 12న యూరీ గగారిన్ రోదసిలోకి వెళ్లి భూమిని ఒకసారి చుట్టి వచ్చాడు. ఆ యాత్రకు పట్టిన కాలం 108 నిమిషాలు. అదే నెల 30వ తేదీ రాత్రి అంటార్కిటికాలోని నోవోలాజరెవ్స్కయా స్థావరంలో లియోనిద్ రొగొజోవ్ అనే సోవియట్ వైద్యుడు తన పొట్టను తానే కోసుకొని, వాచిన ఉండుకాన్ని తొలగించుకున్నాడు. ఆ శస్త్రచికిత్సకు పట్టిన కాలం గంటా 45 నిమిషాలు. ఇద్దరూ 1934 మార్చిలో జన్మించినవారే. కాలంలోనూ వయసులోనూ ఇంత దగ్గరగా ఉన్నందువల్ల ఈ రెండు సంఘటనలనూ పక్కపక్కన నిలిపి చూడడం రివాజయింది. ఆ పోలికలో సాహసం ముందుకు వచ్చి, వైద్యం వెనక్కి పోయింది.

ధ్రువప్రాంతాలలో శీతకాలం గడిపే బృందాల అనుభవం నుంచి రోదసీ వైద్యశాస్త్రం చాలాకాలంగా పాఠాలు తీసుకుంటున్నది. అందుకు తగిన కారణం ఉంది. ఫ్రాన్స్, ఇటలీ దేశాలు కలిసి నడిపే కాంకోర్డియా స్థావరం సముద్రమట్టానికి 3,233 మీటర్ల ఎత్తున ఉంది. సుమారు తొమ్మిది నెలలపాటు అక్కడికి ఎవరూ చేరలేరు. అక్కడివారికి అత్యంత సమీపంలోని జనావాసం దాదాపు 600 కిలోమీటర్ల దూరాన ఉన్న రష్యా స్థావరం వొస్తోక్. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం తిరిగే ఎత్తు సుమారు 400 కిలోమీటర్లు. నెత్తిమీదుగా ఆ కేంద్రం సాగిపోయే వేళ అందులోని వ్యోమగాములే వీరికి ఇరుగుపొరుగు. ఐరోపా అంతరిక్ష సంస్థ ప్రతి శీతకాలమూ ఒక వైద్య పరిశోధకుణ్ణి అక్కడికి పంపుతున్నది. ఆస్ట్రేలియా ధ్రువవైద్య విభాగానికి దశాబ్దాలపాటు సారథ్యం వహించిన డెస్మండ్ లగ్ తరువాత నాసాలో ఇదే రంగంలో బాధ్యతలు చేపట్టాడు. అంటే రెండు రంగాల మధ్య రాకపోకలు వ్యక్తుల స్థాయిలోనూ సంస్థల స్థాయిలోనూ ఉన్నాయి.

అయితే ఆ పాఠాలు ఏ రచనల నుంచి, ఏ పఠనరీతి ద్వారా తీసినవి అనే ప్రశ్న అంతగా చర్చకు రాలేదు. ధ్రువవైద్యం గురించి లోకానికి తెలిసింది ప్రధానంగా కొన్ని ఆత్మకథనాల వల్ల: ఫ్రెడరిక్ కుక్ 1900లో ప్రకటించిన 'త్రూ ద ఫస్ట్ అంటార్కిటిక్ నైట్', రిచర్డ్ బర్డ్ 1938లో ప్రకటించిన 'అలోన్', రొగొజోవ్ దినచర్య, జెర్రీ నీల్సన్ 2001లో వెలువరించిన 'ఐస్ బౌండ్'. ఇవన్నీ ఆపదలో పుట్టిన రచనలు. ముందుజాగ్రత్త ఫలించిన చోట ఎవరూ పుస్తకం రాయలేదు. కనుక ఈ రచనలను ధైర్యసాహసాల గాథలుగా చదివినవారికి దొరికే పాఠం ఒకటి, ఏ ఏర్పాటు లోపించినందువల్ల ఈ గాథ పుట్టవలసి వచ్చిందని అడిగినవారికి దొరికే పాఠం మరొకటి. ఈ వ్యాసం రెండవ మార్గంలో ఆ రచనలను పరిశీలిస్తుంది.

అద్దం పట్టినవారు

రొగొజోవ్ ఉదంతానికి రెండు ముఖ్యమైన ఆధారాలున్నాయి. సోవియట్ అంటార్కిటిక్ యాత్రల సమాచార పత్రికకు ఆయన స్వయంగా రాసిన నివేదిక ఒకటి. ఆయన కుమారుడు, తానూ వైద్యుడైన వ్లదిస్లావ్ రొగొజోవ్, నీల్ బెర్మెల్‌తో కలిసి 2009లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించిన వ్యాసం రెండవది. ఈ రెండవ వ్యాసం వైద్య వివరణ పక్కనే దినచర్య భాగాలను చేర్చింది. శస్త్రచికిత్సా నివేదిక, ఆంతరంగిక రచన ఒకే పుటలో ఎదురెదురుగా నిలవడం వైద్యసాహిత్యంలో అరుదు.

సంఘటన క్రమం సుప్రసిద్ధమే. స్థావరంలో ఉన్నవారు 13 మంది, వారిలో వైద్యుడు రొగొజోవ్ ఒక్కడే. ఏప్రిల్ 29న లక్షణాలు కనిపించాయి. ఔషధాలతో, చల్లని కాపడంతో అదుపు చేయాలన్న ప్రయత్నం ఫలించలేదు. మరో సోవియట్ స్థావరం మీర్నీ 1,600 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. మంచుతుఫాను వల్ల విమానం మాట లేదు. అప్పుడు నోవోకెయిన్‌తో పొట్ట పైభాగాన్ని మాత్రమే మొద్దుబార్చుకొని, సగం వాలి కూర్చొని ఆయన కోత పెట్టాడు. అద్దంలో కుడి ఎడమలు తారుమారై కనిపించడంతో చూపును నమ్మడం మాని, చేతి తొడుగులు లేకుండా స్పర్శతోనే చాలావరకు పని సాగించాడు. మధ్యలో పెద్దపేగు మొదటి భాగానికి గాయమైతే దానికీ కుట్లు వేశాడు. అరగంట దాటాక నీరసం కమ్ముకొని మాటిమాటికీ ఆగవలసి వచ్చింది. తొలగించిన ఉండుకం మొదట్లో నల్లని మచ్చ కనిపించింది. మరొక్క రోజు ఆలస్యమైతే అది పగిలిపోయేదని ఆయన అంచనా వేశాడు. రెండు వారాలలో తిరిగి విధుల్లో చేరాడు.

తన శరీరంపై తానే ఈ శస్త్రచికిత్స చేసుకున్న మొదటి వైద్యుడు ఆయన కాడు. అమెరికాలోని పెన్సిల్వేనియాలో 1921లోనే ఇవాన్ ఓనీల్ కేన్ అనే వైద్యుడు ఆ పని చేశాడు. అయితే అది ఆసుపత్రిలో, అవసరమైతే అందుకోవడానికి సాటి వైద్యులు సిద్ధంగా ఉండగా జరిగింది. కాబట్టి రొగొజోవ్ ఉదంతంలో విశేషాన్ని ఆయన చేతిలోని కత్తిలో కాక ఆయన చుట్టూ నిలబడినవారిలో వెతకాలి. గాయపు అంచులను కొక్కేలతో పట్టి ఉంచినది వాతావరణ పరిశీలకుడు అలెగ్జాండర్ అర్తేమ్యెవ్. అద్దాన్ని, దీపాన్ని పట్టుకున్నది యంత్రనిపుణుడు జినోవీ తెప్లిన్స్కీ. ఈ ఇద్దరిలో ఎవరైనా స్పృహ తప్పితే ఆ స్థానంలోకి రావడానికి స్థావరాధిపతి వ్లదిస్లావ్ గెర్బోవిచ్ మూడవవాడుగా నిలిచాడు. తాను స్పృహ కోల్పోతే ఏ సూది వేయాలో, శ్వాస ఎలా అందించాలో రొగొజోవ్ వారికి ముందే నేర్పాడు. చివరి క్షణంలో వారి ముఖాలు పాలిపోయిన సంగతినీ దినచర్యలో నమోదు చేశాడు.

ఇక్కడ పాఠకులు సాధారణంగా గమనించని అంశం ఒకటి ఉంది. ఆ కొద్ది గంటలలో రొగొజోవ్ చేసింది రెండు పనులు. మొదటిది శస్త్రచికిత్స. రెండవది, ఎన్నడూ రక్తం చూడని ముగ్గురిని ఒక శస్త్రచికిత్సా బృందంగా తయారుచేయడం. దీర్ఘకాల రోదసీయానానికి పనికివచ్చేది ఈ రెండవదే. కానీ ఆ శిక్షణ జబ్బు ముదిరిన తరువాత, జ్వరంతో ఉన్న గురువు చేత, కొన్ని గంటలలో జరిగింది. దాన్ని సమయస్ఫూర్తిగా మెచ్చుకోవచ్చు. యాత్ర బయలుదేరకముందే పూర్తికావలసిన పని అది అని కూడా అనవచ్చు, వైద్యదృష్టితో చూస్తే ఈ మాటే సరైనది.

దినచర్యలోని మరో వివరం ఇంకా ముఖ్యమైనది. తొలి లక్షణాలు కనిపించినప్పుడు రొగొజోవ్ సహచరులకు చెప్పలేదు. వారు చేయగలిగింది ఏమీ లేనప్పుడు భయపెట్టడం దేనికని పైకి నవ్వుతూ తిరిగాడు. వైద్యుడే తన రోగాన్ని దాచాడు. ఈ మౌనం విషయం బర్డ్ రచన దగ్గర మళ్లీ చర్చకు వస్తుంది.

కథలేని ఏర్పాటు

రొగొజోవ్‌కు 11 ఏళ్ల ముందు, 1950లో, దక్షిణ సముద్రంలోని హెర్డ్ ద్వీపంలో ఆస్ట్రేలియా స్థావరపు వైద్యుడు సెర్జ్ ఉదొవికాఫ్‌కు ఇదే జబ్బు వచ్చింది. ఆయనను తీసుకురావడానికి 'ఆస్ట్రేలియా' అనే యుద్ధనౌక బయలుదేరవలసి వచ్చింది. ఆ దేశం ఈ అనుభవం నుంచి ఒక నియమం చేసుకుంది: శీతకాలం గడపబోయే స్థావర వైద్యుడు బయలుదేరేముందే ఉండుకం తీయించుకోవాలి. తక్కిన సభ్యులకు ఆ నియమం లేదు, వారికి జబ్బు చేస్తే కోయడానికి వైద్యుడున్నాడు. వైద్యుడికి జబ్బు చేస్తే ఎవరున్నారు అన్న ప్రశ్నకు అది ఒక సమాధానం.

అంతకన్నా విలువైన ఏర్పాటు ఇంకొకటి ఉంది. ఆస్ట్రేలియా శీతకాల బృందాలలో వంటమనిషి, వడ్రంగి, విద్యుత్ పనివాడు వంటివారిలో కొందరిని ఎంచి, హోబర్ట్ నగరంలోని రాయల్ హోబర్ట్ ఆసుపత్రిలో రెండు వారాలపాటు శిక్షణ ఇస్తారు. కొందరు మత్తుమందు ఇచ్చే వైద్యుడికి సహాయం చేయడం, మరికొందరు శస్త్రచికిత్సా గదిలో పరికరాలను శుద్ధిచేసి అందించడం నేర్చుకుంటారు. తెప్లిన్స్కీ ఒక రాత్రిలో నేర్చుకున్నదాన్ని వీరు రెండు వారాలు, నిజమైన శస్త్రచికిత్సలు జరిగే చోట నిలబడి నేర్చుకుంటారు.

ఈ శిక్షణ గురించి ప్రసిద్ధమైన పుస్తకం లేదు, చలనచిత్రం లేదు. వడ్రంగి చేతులు కడుక్కొని పరికరాలు అందించడం, రోగి కోలుకోవడం, స్థావరపు వైద్య పుస్తకంలో రెండు పంక్తులు చేరడం, అంతే. ప్రతి స్థావరంలోనూ అందరికీ జబ్బులు వస్తాయి. యంత్రనిపుణుడికి వస్తే అది నమోదు అవుతుంది, వైద్యుడికి వస్తే అది గ్రంథమవుతుంది. ఉదొవికాఫ్, రొగొజోవ్, నీల్సన్ అంటూ పేర్లు వరుసగా చెప్పి ధ్రువప్రాంతాలలో వైద్యులే ఎక్కువగా జబ్బుపడతారని భావించేవారు ఈ ఎంపికదోషాన్ని గుర్తించాలి. ఆ పేర్లు రుజువుచేసేది ఒక్కటే: ఒకే వైద్యుడున్న చోట ఏర్పాటు మొత్తం ఆ ఒక్క శరీరం మీద ఆధారపడి ఉంది.

రోదసీయాత్రకు ముందే వ్యోమగాముల ఉండుకాన్ని, పిత్తాశయాన్ని తొలగించడం మంచిదా అనే చర్చ వైద్యపత్రికలలో జరిగింది. శస్త్రచికిత్సకూ దాని ప్రమాదాలు దానికి ఉన్నాయి కనుక అది తేలిన విషయం కాదు. పైగా ఉండుకం తీసివేయడం వల్ల మూతపడేది గతంలో జరిగిన కథ మాత్రమే. రాబోయే కథ ఏ అవయవంలో మొదలవుతుందో ఆ నియమం చెప్పలేదు. 1999లో దక్షిణ ధ్రువంలో అది వక్షోజంలో మొదలైంది.

లేఖల ద్వారా వైద్యం

అమెరికా నడిపే అముండ్సెన్–స్కాట్ స్థావరంలో ఆ ఏడు శీతకాలానికి మిగిలినవారు 41 మంది. వారికి ఏకైక వైద్యురాలు జెర్రీ నీల్సన్. తన వక్షోజంలో గడ్డను ఆమె తానే కనుగొంది. వైద్యశిక్షణ లేని సహచరుల సాయంతో, వారిలో ఒక వెల్డరు కూడా ఉన్నాడు, సూదితో కణజాలం తీయించుకుంది. ఆ నమూనాల చిత్రాలు ఉపగ్రహం ద్వారా అమెరికాకు వెళ్లాయి. మొదట పంపినవాటితో నిర్ధారణ కుదరలేదు. జులైలో, ధ్రువరాత్రి నడుమ, మంచు మీద వెలిగించిన మంటల గుర్తుతో ఒక సైనిక విమానం ఔషధాలను, పరికరాలను జారవిడిచింది. సహచరుల చేతుల మీదుగానే కీమోథెరపీ మొదలైంది. అక్టోబరు 16న విమానం దిగగలిగింది, ఆమెను తీసుకువెళ్లింది. కొన్నేళ్లకు జబ్బు తిరగబెట్టింది. 2009లో ఆమె మరణించింది.

'ఐస్ బౌండ్' గ్రంథాన్ని ఆమె మేరియన్ వాలర్స్ సహకారంతో రాసింది. సాహిత్యపరంగా దానికి లోపాలున్నాయి. ధ్రువానికి రాకముందరి కుటుంబ జీవితపు గాయాలకూ ధ్రువంలోని రోగానికీ మధ్య అది బలవంతంగా ముడివేస్తుంది. మంచు తనను స్వస్థపరిచిందన్న భావం రచన అంతటా పరుచుకోవడం వల్ల వైద్య వివరాలు కొన్నిచోట్ల మసకబారాయి. అయినా ఆ గ్రంథంలో చేర్చిన ఈమెయిళ్లు రోదసీ వైద్యానికి అమూల్యమైన సామగ్రి. ధ్రువం మీద ఉపగ్రహాలు రోజులో కొన్ని గంటలు మాత్రమే కనిపించేవి. ఆ గంటలలో ప్రశ్న వెళుతుంది, తరువాతి గంటలలో జవాబు వస్తుంది. ఈ విరామం నీల్సన్‌ను ఒక ప్రత్యేకమైన రచనకు అలవాటు చేసింది. తన శరీరాన్ని దూరాన ఉన్న నిపుణురాలికి అర్థమయ్యేలా, తిరిగి అడగవలసిన అవసరం లేనంత పూర్తిగా ఆమె వర్ణించవలసి వచ్చింది. ఒకే లేఖలో ఆమె రోగి, రోగిని పరీక్షించిన వైద్యురాలు, ఆ పరీక్షను నమోదుచేసిన లేఖకురాలు.

కుజగ్రహ యాత్రలో మాట ఒకవైపు చేరడానికే సుమారు 3 నిమిషాల నుంచి 22 నిమిషాల దాకా పడుతుంది. తెర మీద వైద్యుడు కనిపించి, వ్యోమగామి చేతిని క్షణక్షణం నడిపించే పద్ధతి అక్కడ చెల్లదు. నేటి రోదసీ వైద్యం ఆధారపడుతున్నది ఆ పద్ధతి మీదనే. న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ 2020లో ప్రకటించిన ఒక కేసు నివేదికను నీల్సన్ గ్రంథం పక్కన పెట్టి చదివితే ఈ తేడా స్పష్టమవుతుంది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఒక వ్యోమగామికి మెడలోని జుగులర్ సిరలో రక్తపు గడ్డ ఉన్నట్లు బయటపడింది. అదీ వేరే పరిశోధన కోసం చేసిన అల్ట్రాసౌండ్ పరీక్షలో, యాత్ర మొదలైన సుమారు రెండు నెలలకు. భూమి మీది నిపుణులు సూచిస్తుండగా వ్యోమగామి తన మెడను తానే పరీక్షించుకోవలసి వచ్చింది. గడ్డకట్టకుండా చేసే సూదిమందు కేంద్రంలో పరిమితంగానే ఉంది. కనుక దాన్ని పొదుపుగా వాడి, దాదాపు 40 రోజుల తరువాత సరఫరా నౌక తెచ్చిన మాత్రలకు మారారు. యాత్ర మధ్యలో ఆగలేదు.

ఆ నివేదికలో రోగి పేరు లేదు, స్త్రీయో పురుషుడో కూడా తెలియదు. రోగి గోప్యతను కాపాడడం వైద్యధర్మం. కానీ ఒక విడత సిబ్బంది వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మంది అయినప్పుడు, ఆ గోప్యతకు మూల్యం ఉంది. సహచరులు ఏం చేశారు, ఎవరు భయపడ్డారు, సూదులు తరిగిపోతున్నాయని తెలిసి బృందం ఎలా ప్రవర్తించింది అన్న సంగతులన్నీ ఆ నివేదిక నుంచి జారిపోయాయి. అర్తేమ్యెవ్, తెప్లిన్స్కీ పేర్లు లేని రొగొజోవ్ నివేదికను ఊహించుకుంటే ఆ నష్టం ఎంతటిదో తెలుస్తుంది. ఇక సరఫరా నౌక విషయం. నీల్సన్‌కు ఆకాశం నుంచి జారిన పెట్టె, ఈ వ్యోమగామికి నౌకలో వచ్చిన మాత్ర, రెండు చికిత్సలనూ నిలబెట్టింది బయటి నుంచి అందిన వస్తువే. కుజయాత్రికులకు ఆ పెట్టె రాదు.

ఏర్పాటు ఎంత నెమ్మదిగా నేర్చుకుంటుందో చెప్పడానికి ఇంకొక వివరం చాలు. నీల్సన్ వెళ్లిపోయిన రెండేళ్లలోపే, 2001 ఏప్రిల్‌లో, అదే స్థావరపు వైద్యుడు రొనాల్డ్ షెమెన్స్కీ జబ్బుపడ్డాడు. చీకటి కమ్ముకున్న వేళ కెనడా సంస్థకు చెందిన చిన్న ట్విన్ ఆటర్ విమానం వెళ్లి ఆయనను తీసుకువచ్చింది. అదే ప్రయాణంలో మరొక వైద్యురాలిని అక్కడ దింపింది.

దాచిన జబ్బు

రిచర్డ్ బర్డ్ వైద్యుడు కాడు. 1934లో లిటిల్ అమెరికా స్థావరానికి దక్షిణంగా సుమారు 200 కిలోమీటర్ల దూరంలో, మంచులో పాతిన చిన్న గుడిసెలో ఒంటరిగా శీతకాలం గడపబోయి, పొయ్యి నుంచీ రేడియో కోసం నడిపే ఇంజను నుంచీ వెలువడిన కార్బన్ మోనాక్సైడ్‌కు గురై చావు అంచులకు వెళ్లాడు. నాలుగేళ్ల తరువాత ప్రకటించిన 'అలోన్' ఆ అనుభవపు కథనం. ఏకాంతపు తాత్త్విక గ్రంథంగా దానికి పేరొచ్చింది. వైద్యదృష్టితో చదివితే అది ఒక రోగి తన రోగాన్ని రోజుకోసారి అబద్ధమాడి దాచిన చరిత్ర.

స్థావరం వారు గొంతుతో మాట్లాడేవారు, బర్డ్ మోర్స్ సంకేతాలతో జవాబిచ్చేవాడు. తాను బాగున్నట్లే పంపేవాడు. నిజం చెబితే చీకటిలో మంచుపగుళ్ల మీదుగా తన కోసం బయలుదేరి వారు ప్రాణాలు పోగొట్టుకుంటారన్నది ఆయన భయం. ఆ మౌనంలో స్వార్థం లేదు. అందుకే అది మరింత ప్రమాదకరమైనది, ఎందుకంటే ఉత్తముడైన సభ్యుడే అలా ప్రవర్తిస్తాడు. రొగొజోవ్ నవ్వు కూడా ఇదే జాతికి చెందినది. బర్డ్‌ను కాపాడింది ఆయన చెప్పిన మాట కాదు, ఆ మాట పంపిన తీరు. సంకేతాల్లో తడబాటు, అర్థం కుదరని పదాలు, పెరిగిన విరామాలు గమనించి స్థావరం వారు అనుమానించారు. థామస్ పౌల్టర్ మరో ఇద్దరితో ఆగస్టులో అక్కడికి చేరాడు. వచ్చినవారు వెంటనే ఆయనను తరలించలేకపోయారు. అక్టోబరు దాకా అక్కడే ఉండి సేవచేశారు.

వ్యోమగాములను ఎంపికచేసేటప్పుడు ఓర్పు, నిగ్రహం, సహచరుల పట్ల బాధ్యత వంటి గుణాలకే పెద్దపీట వేస్తారు. బర్డ్ చేత అబద్ధమాడించినవి ఆ గుణాలే. దానికి తోడు జబ్బు బయటపడితే తరువాతి యాత్రలకు అనర్హులమవుతామన్న శంక వారికి ఉండడం సహజం. సల్యూత్–7 కేంద్రంలో 1985 నవంబరులో అధిపతి వ్లదీమీర్ వస్యూతిన్ అనారోగ్యం వల్ల యాత్రను మధ్యలోనే ముగించి ముగ్గురు సిబ్బందీ తిరిగి వచ్చారు. అప్పుడు భూమి వారికి కొద్ది గంటల దూరంలోనే ఉంది. నెలల దూరంలో ఉన్నప్పుడు 'నాకు బాగాలేదు' అనే మాట బరువు ఇంకెంతో పెరుగుతుంది. ఆ మాట అనే భారాన్ని రోగి మీద వదిలేసే వైద్యవిధానం సరిపోదని, మాట తీరునూ చేతిరాతనూ పనిలో తడబాటునూ గమనించే సహచరులే అక్కడ తొలి రోగనిర్ధారకులని 'అలోన్' చెబుతున్నది, రచయిత ఉద్దేశించకపోయినా.

భారత యాత్రల చరిత్రలోనూ ఈ విషవాయువు ఉంది. 1990 జనవరి 8న తొమ్మిదవ భారత అంటార్కిటిక్ యాత్రకు చెందిన నలుగురు, హంబోల్ట్ పర్వతాలలోని శిబిరంలో ఇదే వాయువు వల్ల మరణించారు. వారిలో ముగ్గురు భారత భూవిజ్ఞాన సర్వేక్షణ శాస్త్రవేత్తలు, ఒకరు నౌకాదళ సమాచార నిపుణుడు. వారి స్మారక ఫలకం అంటార్కిటిక్ ఒప్పందపు చారిత్రక చిహ్నాల జాబితాలో 78వదిగా ఉంది. భారత స్థావరం మైత్రి, రొగొజోవ్ శస్త్రచికిత్స చేసుకున్న నోవోలాజరెవ్స్కయా ఒకే షిర్మాకర్ ఒయాసిస్సులో ఉన్నాయి, వాటి మధ్య దూరం కొద్ది కిలోమీటర్లే. గగన్‌యాన్ తరువాత దీర్ఘకాల యాత్రలను తలపెట్టే దేశానికి మైత్రి, భారతి స్థావరాల వైద్య నమోదులు ఇంటి సొత్తు. పరాయి వీరగాథల కన్నా ముందు వాటిని తెరవడం సముచితం.

పేరులో దాగిన సిద్ధాంతం

కుక్ గ్రంథం వీటన్నిటికన్నా పాతది, వైద్యశాస్త్రపరంగా వీటన్నిటికన్నా లోతైనది. ఆద్రియాన్ ద జెర్లాష్ నాయకత్వంలోని 'బెల్జికా' నౌక 1898 మార్చి నుంచి ఏడాదిపాటు దక్షిణ సముద్రపు మంచులో చిక్కుకుంది. అంటార్కిటిక్ శీతకాలాన్ని పూర్తిగా గడిపిన తొలి యాత్ర అదే. నౌకావైద్యుడైన కుక్ సిబ్బంది ముఖాలు పాలిపోవడం, కళ్ల కింద, చీలమండల వద్ద వాపు, గుండె లయ తప్పడం, నిద్రలేమి, నిరాసక్తత మొదలైనవాటిని ఒక్కొక్కటిగా నమోదు చేశాడు. జూన్‌లో ఎమీల్ డాంకో గుండెజబ్బుతో మరణించాక ఆ నమోదులో కంగారు కనిపిస్తుంది. రోగులను రోజుకు ఒక గంట పొయ్యి ఎదుట బట్టలు లేకుండా నిలబెట్టడం, పాలు, పుల్లని పండ్ల పాకం, తాజా పెంగ్విన్, సీల్ మాంసం తినిపించడం ఆయన చికిత్స. నాయకుడు ద జెర్లాష్‌కు ఆ మాంసం అంటే ఏవగింపు. మరణశాసనం రాసిపెట్టుకున్న కెప్టెన్ లకొయింత్ ఆ మాంసం తిని కోలుకున్న తరువాతనే తక్కినవారి పట్టుదల సడలింది. వైద్యుడి సలహాను అధికారి అభిరుచి అడ్డుకోగలదన్న సంగతి ఈ ఘట్టంలో ఉంది. రోదసీనౌకలో అధిపతికీ వైద్యుడికీ మధ్య హద్దు ఎక్కడ అనే ప్రశ్నను ఇది ముందే వేసింది.

కుక్ చికిత్స సరైనది, సిద్ధాంతం తప్పు. ఆయన ఆ జబ్బును ధ్రువప్రాంతపు రక్తహీనతగా పేర్కొని, సూర్యకాంతి లేకపోవడాన్నీ డబ్బాల్లో నిలవచేసిన ఆహారాన్నీ కారణాలుగా చూపాడు. అందులో పెద్ద భాగం స్కర్వీ. తాజా మాంసంలోని సి విటమిన్ పనిచేసిందని అర్థం కావడానికి మరో మూడు దశాబ్దాలు పట్టింది. ఆ నడుమ కాలంలో బ్రిటిష్ ధ్రువయాత్రల వైద్యులలో కొందరు చెడిపోయిన డబ్బా ఆహారంలోని విషమే స్కర్వీకి మూలమని నమ్మారు. 1901–04 'డిస్కవరీ' యాత్ర వైద్యుడు రెజినాల్డ్ కోట్లిట్జ్ వారిలో ఒకడు. సిద్ధాంతం మీద ఉన్న ఆ నమ్మకం వల్ల కళ్లెదుటి చికిత్స వారికి చికిత్సగా కనబడలేదు.

దీర్ఘకాలం రోదసిలో ఉండి వచ్చిన కొందరి కంటినరం మొదట్లో వాపు, కనుగుడ్డు వెనుకభాగం చదునుకావడం కనిపించాయి. ఏడుగురు వ్యోమగాముల వివరాలతో 2011లో వెలువడిన పత్రం తరువాత ఈ సమస్యకు ప్రాధాన్యం వచ్చింది. తొలుత దానికి పెట్టిన పేరులోనే పుర్రెలోని పీడనం అనే మాట ఉండేది. కారణం ఆ పీడనమేనని నిర్ధారణ కానందున ఆ పేరును వదిలి, రోదసీయానంతో ముడిపడిన నాడీ–నేత్ర లక్షణసముదాయం అనే తటస్థమైన పేరును స్వీకరించారు. కుక్ చేయలేకపోయిన పని ఇది: తెలియని కారణాన్ని పేరులోంచి తొలగించడం. 'బెల్జికా' గ్రంథం నుంచి రోదసీ వైద్యులు నేరుగా నేర్చుకున్నారో లేదో ముఖ్యం కాదు. ఆ గ్రంథాన్ని ఈ పేరుమార్పు వెలుగులో తిరిగి చదివితే, కుక్ నమోదుల విలువ ఆయన నిదానాలలో కన్నా పరిశీలనలలో ఎంత అధికంగా ఉందో తేటతెల్లమవుతుంది. తరువాతి కాలంలో కుక్ ఉత్తర ధ్రువం చేరానన్న వాదన నిలబడలేదు, మోసం కేసులో ఆయన జైలుకూ వెళ్లాడు. ఆ అపకీర్తి వెనక్కి ప్రసరించి ఈ గ్రంథాన్ని కూడా కొంతకాలం మరుగుపరిచింది.

సామ్యం తెగే చోటు

ధ్రువానికీ రోదసికీ ఉన్న పోలికను ఎంతవరకు సాగదీయవచ్చు? ఒంటరితనం, చీకటి, అదే ముఖాల మధ్య నెలల జీవితం విషయంలో చాలా దూరమే సాగుతుంది. జర్మనీ స్థావరం నోయ్‌మేయర్–3లో 14 నెలలు గడిపిన తొమ్మిది మంది మెదడులో, జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోకాంపస్‌లోని ఒక భాగం తగ్గినట్లు 2019లో ప్రకటించిన అధ్యయనం చూపింది. ఇలాంటి ఫలితం రోదసీ పరిశోధకులకు నేరుగా ఉపయోగపడుతుంది. కానీ పైన చెప్పిన కంటి సమస్య ధ్రువంలో రాదు. సిరలో రక్తం వెనక్కి మళ్లడం, నెలకు ఒక శాతం దాకా ఎముక సాంద్రత తరగడం ధ్రువవైద్యుడికి తెలియని సంగతులు. రొగొజోవ్ పేగులు పొట్టలోనే ఉన్నాయి, కారిన రక్తం కిందికి కారింది, అందువల్లనే ఆయన వేళ్ల స్పర్శను నమ్మగలిగాడు. భారరహిత స్థితిలో రక్తం గాయాన్ని అంటుకొని గోళంలా పేరుకుంటుంది, సెలైన్ సీసాలో గాలి బుడగలు పైకి తేలవు. 2006లో ఫ్రాన్స్‌లో దొమినిక్ మార్తాఁ బృందం, విమానం పైకెగసి వాలే ప్రతిసారీ దొరికే 20 సెకన్లకు పైబడిన భారరహిత వ్యవధుల్లో ఒక మనిషి ముంజేతి మీది గడ్డను తొలగించింది. అది సాధ్యమని చూపడానికి ఎంచుకున్నది చర్మం కిందే ఉన్న చిన్న గడ్డను. పొట్ట తెరవడం అన్నది ఇంకా చాలా దూరం.

వైద్యుడు రోగి కావడాన్ని ప్రమాదంగా కాక పద్ధతిగా స్వీకరించిన ఉదాహరణ రోదసీ చరిత్రలో ఒకటి ఉంది. వైద్యుడైన వలేరీ పోల్యకోవ్ 1994 జనవరి నుంచి 1995 మార్చి వరకు, వరుసగా 437 రోజులు మీర్ కేంద్రంలో ఉన్నాడు. కుజగ్రహానికి వెళ్లడానికి పట్టేంత కాలం, అంతకన్నా ఎక్కువ కాలం మానవశరీరం భారరహిత స్థితిలో నిలబడుతుందో లేదో తన శరీరం మీదే పరీక్షించుకున్నాడు. కజకిస్తాన్ మైదానంలో నౌక దిగాక, సహాయకులు మోసుకువెళ్లబోతే వద్దని, పక్కనే వేసిన కుర్చీ దాకా తానే నడిచాడు. చేరిన చోట పనిచేయగల స్థితిలో ఉంటామని ఆయన చూపదలచింది అదే. ఆ నడక దృశ్యాలలో కుర్చీ వేసినవారు, దుప్పటి కప్పినవారు, నాడి చూసిన వైద్యులు ఆయన చుట్టూ కనిపిస్తారు. కుజయాత్రకు సిబ్బందిని ఎంపికచేసేవారు మొదట నింపవలసిన ఖాళీలు ఆ మనుషులవి.